దమ్ము ట్రాక్టరు క్లచ్

దమ్ము ట్రాక్టరు క్లచ్ అనగా వరి పొలాలను దమ్ము చేసే ట్రాక్టరులో ఇంజనుకు, గేరుపెట్టెకు మధ్య ఉండే ఘర్షణ సంధానము. నిలువ నీటిలో నేలను దున్ని, కలియబెట్టి, మెత్తని బురదగా మార్చే పనిని దమ్ము అంటారు. పెడలు తొక్కినప్పుడు క్లచ్ ఇంజను శక్తిని చక్రాల నుండి వేరుచేస్తుంది, వదిలినప్పుడు తిరిగి కలుపుతుంది. గోదావరి డెల్టా జిల్లాలలో ట్రాక్టరుకు తరచుగా మార్చవలసి వచ్చే ముఖ్య భాగాలలో ఇది ఒకటి. అరిగిన క్లచ్ స్థానంలో తక్కువ ఖర్చుతో ఏది వేయాలన్నది ట్రాక్టరు యజమానులకు తరచు ఎదురయ్యే ప్రశ్న. అయితే దుకాణంలో చెల్లించే ధర ఈ ఖర్చులో ఒక భాగం మాత్రమే. ట్రాక్టరును విడదీసే కూలి, దమ్ము రోజులలో బండి నిలిచిపోవుట వలన కలిగే నష్టం చాలాసార్లు ప్లేటు ధరను మించిపోతాయి.

నేపథ్యము

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో పని ప్రారంభించి 1852లో పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట వలన గోదావరి డెల్టాకు కాలువల నీరు లభించింది. తరువాతి కాలంలో దాని స్థానంలో బ్యారేజీ నిర్మించబడినది. ఈ నీటితో ఇక్కడ సార్వా, దాళ్వా అనే రెండు వరి పంటలు పండిస్తారు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత డెల్టా భూములు తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాల పరిధిలో ఉన్నాయి.

డెల్టా నేల అధికభాగం బరువైన నల్లని ఒండ్రు బంకమట్టి. నీరు తాగిన బంకమట్టి చక్రాన్ని పట్టుకొని వదలదు. మామూలు రబ్బరు టైర్లు అందులో జారిపోతాయి కనుక వాటికి బదులుగా గాని, వాటి పక్కన గాని ఇనుప దమ్ము చక్రాలను (కేజి వీల్స్) బిగిస్తారు. వీటితో తారు రోడ్డుపై నడిపితే రోడ్డు పాడవుతుంది. అందువలన వీటిని రోడ్డుపై నడపరాదని అధికారులు చెబుతుంటారు, అయినా సీజనులో ఈ గొడవ ఏటా ఉండేదే.

సార్వాకు సాధారణంగా జూన్ నెలలో కాలువలకు నీరు వదులుతారు. ఆకుమడి ఎదిగే లోపున పొలమంతా దమ్ము పూర్తి కావాలి. అదే సమయంలో కాలువ కింది రైతులందరికీ ట్రాక్టరు కావాలి. ఎకరానికి ఇంత అనో, గంటకు ఇంత అనో అద్దెకు తిప్పే యజమానికి సంవత్సర ఆదాయంలో పెద్ద భాగం ఈ కొద్ది వారాలలోనే వస్తుంది. ఆ వారాలలో క్లచ్ జారిపోతే యజమాని ఆదాయం పోవుటే గాక రైతు ఊడ్పులు కూడా ఆలస్యమవుతాయి.

నిర్మాణము

ఇంజను క్రాంకు షాఫ్టు వెనుక చివర ఫ్లైవీలు అనే బరువైన చక్రం ఉంటుంది. దానికి ఆనుకొని క్లచ్ ప్లేటు, దాని వెనుక స్ప్రింగులతో నొక్కి ఉంచే ప్రెషర్ ప్లేటు ఉంటాయి. క్లచ్ ప్లేటుకు రెండు వైపులా ఘర్షణ లైనింగు రివెట్లతో బిగించబడి ఉంటుంది. ప్లేటు మధ్యలోని పళ్ళ రంధ్రంలో గేరుపెట్టె షాఫ్టు కూర్చుంటుంది. పెడలు తొక్కగానే ఫోర్కు ఒక బేరింగును ముందుకు నెడుతుంది. దీనిని రిలీజ్ బేరింగు అంటారు. అది ప్రెషర్ ప్లేటు ఫింగర్లను నొక్కగా ప్లేటుపై బిగింపు వదులవుతుంది. గేరుపెట్టె షాఫ్టు ముందు కొనను ఫ్లైవీలు మధ్యలో ఆపే చిన్న బేరింగు పైలట్ బేరింగు.

పాత నమూనాలలో ప్రెషర్ ప్లేటుకు చుట్టు స్ప్రింగులు అనేకం ఉండేవి. లైనింగు అరిగిన కొలదీ ఈ స్ప్రింగులు సాగి వాటి ఒత్తిడి తగ్గిపోతుంది. పళ్ళెం ఆకారంలో ఉండే డయాఫ్రం స్ప్రింగులో అరుగుదల పరిమితిలో ఉన్నంత వరకు ఒత్తిడి అంతగా పడిపోదు.

చాలా ట్రాక్టర్లలో ద్వంద్వ క్లచ్ (డబుల్ క్లచ్) ఉంటుంది. పెడలును సగం తొక్కితే చక్రాలకు శక్తి ఆగుతుంది, పూర్తిగా తొక్కితే రోటవేటరును తిప్పే పి.టి.ఓ. షాఫ్టు కూడా ఆగుతుంది. రోటవేటరుతో దమ్ము చేసే చోట ఈ తేడా చాలా ఉపయోగకరం. మడి మూలలో చక్రాలను ఆపినా రోటవేటరు తిరుగుతూనే ఉంటుంది. సింగిల్ క్లచ్ బండికీ, డబుల్ క్లచ్ బండికీ వాడే సామాను వేరు. ఒకే పేరుతో ఉన్న ట్రాక్టరులోనే రెండు రకాలూ అమ్మకానికి వచ్చి ఉండవచ్చు గనుక దుకాణంలో మోడలు పేరు చెప్పి ఊరుకోవడం సరిపోదు.

పట్టు శక్తి

క్లచ్ జారకుండా మోయగల మెలి బలం నాలుగు అంశాలపై ఆధారపడి ఉంటుంది. అవి ఘర్షణ తలాల సంఖ్య, లైనింగు ఘర్షణ గుణకం, స్ప్రింగుల బిగింపు బలం, ప్లేటు సగటు వ్యాసార్థం. ఈ నాలుగింటి గుణకారమే పట్టు శక్తి.

ఉదాహరణకు 2100 చుట్ల వద్ద 50 అశ్వశక్తి ఇచ్చే ఇంజనును తీసుకొందాము. ఆ వేగం వద్ద దాని మెలి బలం సుమారు 170 న్యూటన్ మీటర్లు. వేగం తగ్గి బరువు పడినప్పుడు అది ఇంకా పెరుగుతుంది, 200 అనుకొందాము. ప్లేటు బయటి వ్యాసం 280 మి.మీ., లోపలి వ్యాసం 165 మి.మీ. అయితే సగటు వ్యాసార్థం సుమారు 111 మి.మీ. రెండు తలాలు, ఘర్షణ గుణకం 0.3, బిగింపు బలం 6000 న్యూటన్లు (సుమారు 600 కిలోల బరువు) అయితే పట్టు శక్తి 400 న్యూటన్ మీటర్లు వస్తుంది. అంటే ఇంజను బలానికి రెండింతలు.

ఇప్పుడు లైనింగు మీద కొంచెం నూనె పడి ఘర్షణ గుణకం 0.1కి దిగిందనుకొందాము. పట్టు శక్తి 133కు పడిపోతుంది. ఇది ఇంజను ఇచ్చే 170 కంటే తక్కువ. ప్లేటు కొత్తదైనా, ఖరీదైనదైనా బండి కదలదు. క్లచ్ త్వరగా పోయిందని ప్లేటు కంపెనీని తప్పుపట్టే సందర్భాలలో కొన్నింటికి అసలు కారణం నూనె కారే సీలు.

జారే క్లచ్‌లో పోయిన శక్తి అంతా వేడిగా మారుతుంది. 200 న్యూటన్ మీటర్ల బరువు మీద 2000 చుట్ల వద్ద 10 శాతం జారితే సుమారు 4,200 వాట్ల వేడి పుడుతుంది. నాలుగు ఇస్త్రీ పెట్టెలను గాలి ఆడని ఇనుప పెట్టెలో ఉంచిన దానితో ఇది సమానం. కొద్ది నిమిషాలలో లైనింగు మాడి నున్నబడుతుంది, ఫ్లైవీలు మీద నీలి మచ్చలు, సన్నని పగుళ్ళు వస్తాయి.

బురద పనిలో క్లచ్ ఎందుకు త్వరగా పోవును

పొడి దుక్కిలో బరువు మరీ ఎక్కువైతే టైరు నేలమీద జారుతుంది, అందువలన క్లచ్ మీద భారం ఒక హద్దు దాటదు. దమ్ము చక్రం బురదను బలంగా పట్టుకొంటుంది, ఆ భారమంతా క్లచ్ మీదకు వస్తుంది. డెల్టా మళ్ళు చిన్నవి. ప్రతి గట్టు మూలలో బండిని తిప్పాలి, ప్రతి మలుపులో క్లచ్ తొక్కాలి. మాగాణి పనిలో గంటకు తొక్కే లెక్క మెట్ట పనిలో కంటే చాలా ఎక్కువ. వీటికి తోడు పెడలు మీద ఎప్పుడూ కాలు ఆన్చి నడిపే అలవాటు ఒకటున్నది. కాలి బరువుతో బిగింపు కొంత వదులై ప్లేటు కనిపించకుండా జారుతూ ఉంటుంది. రోజుకు పది, పన్నెండు గంటలు నడిపే డ్రైవరుకు ఇది తప్పుగా కూడా అనిపించదు.

మూడవ కారణం నీరు. క్లచ్ ఉండే గదికి అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలికి కారిన నూనె బయటకు పోవడానికి అది అవసరం. దమ్ము చేసేటప్పుడు అదే రంధ్రం గుండా బురద నీరు లోపలికి పోతుంది. అందుకే అనేక ట్రాక్టర్లకు ఆ రంధ్రంలో బిగించే బిరడా ఒకటి ఇస్తారు. దమ్ముకు ముందు బిగించి, దమ్ము అయిపోగానే తీసివేయాలి. సాధారణంగా బిగించడం గుర్తుంటుంది, తీయడం మరచిపోతారు. బిరడా అలాగే ఉండిపోతే కారిన నూనె బయటకు పోలేక లోపలే నిలిచి ప్లేటుకు అంటుతుంది. ఈ ఒక్క పనిని గుర్తుంచుకొనుట వలన పైసా ఖర్చు లేకుండా క్లచ్ జీవితం పెరుగుతుంది.

మార్చవలసిన అవసరాన్ని గుర్తించుట

ఇంజను మోత పెరిగి బండి వేగం పెరగకపోవుట, కాలిన వాసన, బరువు మీద బండి నిలిచిపోవుట క్లచ్ జారుటకు గుర్తులు. ఖాళీ స్థలంలో బ్రేకులు గట్టిగా పట్టి, పెద్ద గేరులో ఉంచి క్లచ్‌ను నెమ్మదిగా వదిలితే ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూ ఉంటే క్లచ్ జారుతున్నట్లే. ఈ పరీక్ష ఒకసారి చేసి వదిలివేయాలి, పదే పదే చేస్తే ఉన్న ప్లేటు కూడా పోతుంది.

విడదీయడానికి ముందు పెడలు ఖాళీని (ఫ్రీ ప్లే) చూడటం తప్పనిసరి. పెడలును చేతితో నొక్కినప్పుడు బేరింగు ఫింగర్లను తాకే వరకు కొంత దూరం ఖాళీగా కదలాలి. ఎంత అన్నది ఆ ట్రాక్టరు మాన్యువలులో ఉంటుంది. లైనింగు అరిగిన కొలదీ ఈ ఖాళీ తగ్గిపోతుంది. అసలు లేకుండా పోతే, ఎవరూ పెడలు తొక్కకపోయినా క్లచ్ సగం తొక్కినట్లే ఉంటుంది. కొన్ని బండ్లలో రాడ్డును సరిచేస్తే చాలు, జారుట ఆగిపోతుంది. ఆ పనికి పట్టేది ఒక పావుగంట. ఇది చూడకుండా ప్లేటు కొనడం తొందరపాటు.

గేరు వేసేటప్పుడు కరకరమని శబ్దం వస్తే క్లచ్ పూర్తిగా విడువడం లేదని అర్థం. ఖాళీ మరీ ఎక్కువగా ఉండుట, ప్లేటు వంకరపోవుట, షాఫ్టు పళ్ళలో తుప్పు పట్టి ప్లేటు జరగకపోవుట ఇందుకు కారణాలు. వేసవిలో నెలల తరబడి కదలకుండా ఉంచిన బండిలో ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుపోవడం కూడా ఉన్నది. పెడలు తొక్కినప్పుడు మాత్రమే వచ్చే గీర శబ్దం ఎక్కువగా రిలీజ్ బేరింగుదే.

ఎంపిక

మొదట సరిపోలవలసినవి కొలతలు. బయటి వ్యాసం, మధ్య రంధ్రంలోని పళ్ళ సంఖ్య, ఆ రంధ్రం వ్యాసం, ప్లేటు మందం పాతదానితో సరిపోవాలి. మెకానిక్కులు 11 అంగుళాల ప్లేటు, 12 అంగుళాల ప్లేటు అని పిలుస్తారు, డబ్బాలపై 280, 310 వంటి మి.మీ. అంకెలు ఉంటాయి. పాత ప్లేటును దుకాణానికి తీసుకువెళ్ళి పక్కన పెట్టి చూసుకోవడమే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. ట్రాక్టరు ఛాసిస్ సంఖ్య చెబితే కంపెనీ డీలరు సరైన భాగం సంఖ్యను ఇవ్వగలడు. ఆ సంఖ్యతో బయటి దుకాణంలో అడిగితే పొరపాటు జరగదు.

తరువాతి ప్రశ్న లైనింగు పదార్థం. ఆర్గానిక్ లైనింగు నార, రెసిను, లోహపు పొడి కలిపి చేస్తారు. ఇది మెత్తగా పట్టుకొంటుంది, ఫ్లైవీలును కోయదు, ధర తక్కువ, కానీ ఎక్కువ వేడికి మాడిపోతుంది. సెరా మెటాలిక్ ప్లేటులో లోహపు, పింగాణి పొడులను కలిపి కాల్చిన బిళ్ళలు ఉంటాయి. ఇది వేడిని బాగా తట్టుకొంటుంది. పట్టు మాత్రం ఒక్కసారిగా పడుతుంది, బండి కుదుపుతో కదులుతుంది, ఫ్లైవీలు ఎక్కువగా అరుగుతుంది. పెద్ద ట్రాక్టరుతో సీజను పొడుగునా అద్దె దమ్ము చేసేవారికి సెరా మెటాలిక్ ప్లేటుకు పెట్టే అదనపు ధర దక్కుతుంది. సొంత పొలం నాలుగైదు ఎకరాలు దమ్ము చేసి, మిగిలిన కాలమంతా ట్రక్కు తోలేవారికి మంచి ఆర్గానిక్ ప్లేటే మేలు. ట్రాక్టరు ఏ రకంతో తయారై వచ్చిందో ఆ రకాన్ని మార్చేముందు ప్రెషర్ ప్లేటు కూడా దానికి తగినదేనా అని చూసుకోవాలి.

ఎక్కువ బలమైన క్లచ్ ఎప్పుడూ మంచిదని అనుకోరాదు. హఠాత్తుగా భారం పడినప్పుడు క్లచ్ కొంచెం జారి గేరుపెట్టెను కాపాడుతుంది. అవసరానికి మించిన గట్టి స్ప్రింగులు వేస్తే పెడలు బరువెక్కుతుంది, రిలీజ్ బేరింగు త్వరగా పోతుంది, దెబ్బ గేరు పళ్ళ మీద పడుతుంది. ప్లేటు కంటే గేర్లు ఖరీదైనవి.

ఆస్‌బెస్టాస్ విషయం ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. 20వ శతాబ్దంలో చాలాకాలం లైనింగులలో దీనిని విరివిగా వాడారు. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ధారించింది. పాత ప్లేటు ఏ పదార్థంతో చేసినదో తెలియనప్పుడు క్లచ్ గదిలోని పొడిని గాలి పైపుతో ఊదరాదు. తడి గుడ్డతో తుడిచి తీయాలి. షెడ్డులలో పనిచేసే కుర్రవాళ్ళు రోజూ ఈ పొడిని పీలుస్తున్నారు. ఆస్‌బెస్టాస్ లేదని డబ్బాపై ముద్రించి ఉన్న ప్లేటునే కొనడం మంచిది.

దుకాణాలలో దొరికే రకాలు

ట్రాక్టరు కంపెనీ పేరుతో డబ్బాలో వచ్చే భాగం అన్నిటికంటే ఖరీదైనది. అయితే ట్రాక్టరు కంపెనీలు సాధారణంగా క్లచ్‌లను తాము స్వయంగా తయారు చేయవు, క్లచ్ తయారీదారుల నుండి కొంటాయి. హోసూరులో కర్మాగారం ఉన్న లూక్, చెన్నైకి చెందిన అమాల్గమేషన్స్ రెప్కో ఇటువంటి తయారీదారులలో కొన్ని. ఇటువంటివారు తమ సొంత పేరుతో కూడా బజారులో భాగాలను అమ్ముతారు. ట్రాక్టరుకు మొదట సరఫరా చేసిన తయారీదారు ఎవరో పాత ప్రెషర్ ప్లేటు మీది ముద్రను బట్టి తెలుసుకొని, అదే తయారీదారు సొంత డబ్బాలో అమ్మే భాగాన్ని కొనడం ఖర్చు తగ్గించుకొనే మార్గాలలో ఉత్తమమైనది.

పాత ప్లేటుకే కొత్త లైనింగు రివెట్లు కొట్టించడం మరొక పద్ధతి. ఇది అన్నిటికంటే చవక. పాత ఉక్కు పళ్ళెం వంకర లేకుండా, మధ్య పళ్ళు అరగకుండా, కుదుపును తగ్గించే చిన్న స్ప్రింగులు వదులు కాకుండా ఉంటే ఇది కొంతకాలం పనిచేస్తుంది. ఈ మూడింటిలో ఏది చెడినా లైనింగు కొట్టించిన డబ్బు దండుగ.

పేరున్న కంపెనీ డబ్బాను పోలిన డబ్బాలో వచ్చే నకిలీ సామాను కూడా ఉన్నది. అక్షరాలు సరిగా అచ్చుకాకపోవుట, గరిష్ఠ ధర, తయారీ నెల, తయారీదారు చిరునామా లేకపోవుట, రివెట్లు వంకరగా ఉండుట దీనికి గుర్తులు. రాజమహేంద్రవరం, భీమవరం, తణుకు, అమలాపురం వంటి పట్టణాలలో దొరకనివి విజయవాడ ఆటోనగర్ నుండి తెప్పిస్తారు. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోవాలి. బిల్లు లేకుండా కొంటే పన్ను మిగులుతుందని చెప్పే మాటలో ఇప్పుడు అంత బలం లేదు. 2017లో వస్తు సేవల పన్ను వచ్చినప్పుడు ట్రాక్టరు విడిభాగాలపై 18 శాతం పన్ను ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టరు క్లచ్ అసెంబ్లీ, దాని భాగాలపై 5 శాతానికి తగ్గించారు. బిల్లు ఉంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. అద్దెకు తిప్పేవారు వ్యాపారులు గనుక వారికి ఈ హక్కు లేదన్నది సరికాదు. స్వయం ఉపాధితో జీవనం గడపడానికి కొన్న వస్తువును 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య ప్రయోజనంగా పరిగణించదు.

ఖర్చు లెక్క

క్లచ్ మార్చాలంటే సాధారణంగా ట్రాక్టరును ఇంజను వద్ద రెండుగా విడదీయాలి. ప్లేటు చవకదైనా, ఖరీదైనదైనా ఈ కూలి మారదు. కేవలం ఉదాహరణ కొరకు కొన్ని అంకెలను ఊహించుకొందాము. విడదీసి బిగించే కూలి, సీళ్ళు కలిపి 5,000 రూపాయలు, రెండు రోజుల దమ్ము అద్దె నష్టం 10,000 రూపాయలు అనుకొందాము. లైనింగు కొట్టించిన ప్లేటు 1,500, మంచి కొత్త ప్లేటు 4,500. మొదటిది ఒక దమ్ముకే పోతే దమ్ముకు 16,500 రూపాయలు పడినట్లు. రెండవది మూడు దమ్ములు వస్తే మొత్తం 19,500, అంటే దమ్ముకు 6,500. రెండు దమ్ములే వచ్చినా 9,750.

ఇదే పనిని కాలువలు కట్టివేసిన వేసవిలో చేయిస్తే అద్దె నష్టం ఉండదు. అప్పుడు చవక ప్లేటుకు 6,500, రెండు దమ్ములు వచ్చే మంచి ప్లేటుకు దమ్ముకు 4,750. తేడా బాగా తగ్గిపోయింది. కనుక ఏ ప్లేటు అన్నదాని కంటే ఎప్పుడు విప్పామన్నది ఖర్చును ఎక్కువగా మారుస్తుంది. అరుగుదల గుర్తులు కనిపించిన బండిని సార్వాకు ముందే, ఏప్రిల్, మే నెలలలో విప్పించడం లాభం. మెకానిక్కులకు కూడా ఆ రోజులలో తీరిక ఉంటుంది. త్వరలో అమ్మివేయదలచిన పాత బండికి, లేక ఏడాదికి కొద్ది గంటలే నడిచే బండికి లైనింగు కొట్టించడం తప్పేమీ కాదు.

బండి విప్పి ఉన్నప్పుడే రిలీజ్ బేరింగును, పైలట్ బేరింగును, క్రాంకు షాఫ్టు వెనుక సీలును, గేరుపెట్టె షాఫ్టు సీలును చూడాలి. అనుమానం ఉంటే మార్చివేయాలి. ఇవి చిన్న భాగాలు, కాని వీటిలో ఒకటి తరువాత పోతే మళ్ళీ బండిని విడదీయవలసిందే. ప్లేటు మీద మిగుల్చుకొన్న డబ్బును ఇక్కడ ఖర్చుపెట్టడం మంచి బేరం.

బిగించునప్పుడు జాగ్రత్తలు

ఫ్లైవీలు ముఖం మీద గాళ్ళు, నీలి మచ్చలు ఉంటే లేతు మీద సన్నగా కోయించాలి. పగుళ్ళు లోతుగా ఉంటే ఫ్లైవీలునే మార్చాలి. పాత గరుకు ముఖం మీద కొత్త ప్లేటు వేస్తే ఎత్తైన గీతల వద్దే పట్టుకొని త్వరగా అరుగుతుంది. ప్లేటును మధ్యకు తేవడానికి డమ్మీ షాఫ్టు వాడాలి. ప్లేటుకు ఫ్లైవీలు వైపు ఏదో ముద్ర ఉంటుంది, తిరగవేస్తే క్లచ్ విడువదు. ఫింగర్లన్నీ ఒకే ఎత్తులో ఉండేలా గేజితో సరిచూడాలి. ఒక ఫింగరు ఎత్తుగా ఉంటే ప్లేటు ఒక పక్క ముందుగా పట్టుకొని బండి వణుకుతుంది. లైనింగును గ్రీజు చేతులతో పట్టుకోరాదు, షాఫ్టు పళ్ళకు గ్రీజు పలుచగా మాత్రమే పూయాలి. కొత్త క్లచ్‌తో మొదటి రోజునే లోతు దమ్ములో దిగకుండా కొన్ని గంటలు తేలిక పని చేయించి, ఆ తరువాత పెడలు ఖాళీని మరొకసారి సరిచూడాలి.

భద్రత

దిగబడిన ట్రాక్టరును బయటకు తీసే ప్రయత్నంలో క్లచ్ నాణ్యత ప్రాణానికి సంబంధించిన విషయమవుతుంది. వెనుక చక్రాలు బురదలో కదలకుండా బిగుసుకుపోయినప్పుడు ఇంజను బలం బండి ముందు భాగాన్ని పైకి లేపుతుంది. చక్రానికి దుంగ కట్టి ఎక్కించే పద్ధతిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ముందు భాగం లేచిన తరువాత ట్రాక్టరు వెనుకకు పూర్తిగా తిరగబడడానికి ఒకటి, ఒకటిన్నర సెకను చాలు. ఆ లోపున డ్రైవరు చేయగలిగిన పని క్లచ్ తొక్కడం ఒక్కటే. సరిగా విడువని క్లచ్, లేదా పట్టు ఒక్కసారిగా పడే క్లచ్ ఉన్న బండితో దిగబడిన చోట బలప్రయోగం చేయరాదు. క్లచ్‌ను జారనిస్తూ బండిని ఊపి తీయాలని చూస్తే కొత్త ప్లేటు కూడా ఆ ఒక్క పూటకే మాడిపోవచ్చు. మరొక ట్రాక్టరుతో ముందు వైపు నుండి లాగించుటయే సరైన పద్ధతి.

ఇతర బురద వాహనాలలో

చిన్న మళ్ళలో వాడే పవర్ టిల్లరులో పలు ప్లేట్లు గల చిన్న పొడి క్లచ్ ఉంటుంది. ఇంజను శక్తి ముందు బెల్టుల ద్వారా వస్తుంది గనుక, బెల్టు వదులై జారుతున్నా క్లచ్ పోయినట్లే అనిపిస్తుంది. అందువలన ముందు బెల్టు బిగింపు చూడాలి. దీనిలో ప్లేట్లు చిన్నవి, క్లచ్‌ను విప్పడం కూడా తేలిక. ట్రాక్టరుకు చెప్పిన కూలి లెక్క దీనికి అంతగా వర్తించదు.

విదేశాలలో పొలం పనికి, పందేలకు వాడే నాలుగు చక్రాల ఎ.టి.వి. వాహనాలలో రెండు పద్ధతులున్నాయి. పనికి వాడేవాటిలో ఎక్కువగా బెల్టు, కప్పీలతో తనంతట తాను వేగం మార్చుకొనే అమరిక ఉంటుంది. పందెపు రకాలలో మోటారు సైకిలులో వలె నూనెలో మునిగి ఉండే పలు ప్లేట్ల క్లచ్ ఉంటుంది. నూనె వేడిని తీసుకుపోతుంది కనుక ఇది ఎక్కువసార్లు తొక్కుడును తట్టుకొంటుంది, కాని ఘర్షణ తగ్గించే పదార్థాలు కలిపిన కారు ఇంజను నూనె పోస్తే జారుతుంది. ఇంజను పక్క మూత తీస్తే ప్లేట్లు చేతికి వస్తాయి. అక్కడ కూడా ఘర్షణ ప్లేట్లు, ఉక్కు ప్లేట్లు, స్ప్రింగులు ఒకే జతగా మార్చడం, స్ప్రింగులను అవసరానికి మించి గట్టివి వేయకపోవడం అనే నియమాలే వర్తిస్తాయి. కొత్త ఘర్షణ ప్లేట్లను బిగించే ముందు ఇంజను నూనెలో కొన్ని గంటలు నానబెడతారు. పొడి క్లచ్ గల ట్రాక్టరుకు ఈ పని పొరపాటున కూడా చేయరాదు.